ఆకాశానికి ఆరబోసిన మిరపకాయ

జెబా మోకాళ్ళ దాకా బురదలో దిగబడిపోయింది. చెప్పులు రెండూ ఆ బురద మింగేసింది. ఫోను ఒక్కటీ తడవకుండా తలకంటే ఎత్తులో పట్టుకుని, పడీ పడీ నవ్వుతోంది. పార్వతమ్మ ఆ పిల్లను మొదటిసారి చూసింది ఆ అవతారంలోనే.

మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులవి. శావల్యాపురం దాటి కొంత దూరం వెళ్తే, వాగు ఒడ్డున నల్లవాగుపాలెం వస్తుంది. ఆ పొద్దు ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. పార్వతమ్మ కూలీలకు మజ్జిగ తీసుకుని గట్టు మీద నడుస్తుంటే, కింద జమ్ము బాడవలోంచి నవ్వు వినబడింది. ఆ పల్లపు నేలలో ఏడాది పొడుగునా నీళ్ళు ఆరవు. మనిషెత్తు జమ్ము పెరుగుతుంది. గేదెలు తప్ప ఎవరూ దిగరు. అక్కడ ఆడపిల్ల నవ్వేమిటని పార్వతమ్మ బిందె దించి తొంగి చూసింది.

"ఏమే పిల్లా! ఎవరే నువ్వు? ఆడికెందుకు దిగావే? ఊబి అది!"

"ఊబే పిన్నీ! నేను చెప్పేదీ అదే! చలికాలమంతా చెప్తానే ఉన్నా, ఇది నీళ్ళు, ఇది బురద, ఇది వరి కాదు అని. ఒక్కళ్ళు నమ్మితే ఒట్టు!" అంది జెబా. ఇంకో జానెడు కిందికి దిగబడి, మళ్ళీ నవ్వింది.

పార్వతమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఎండ దెబ్బేమో అనుకుంది. ఇద్దరు కూలీలను కేకేసి, మోకు విసిరి, ముగ్గురూ కలిసి లాగారు. ముల్లంగి దుంపలా ఊడి వచ్చింది జెబా. ఆమె వెనక నేల పెద్ద త్రేన్పు త్రేన్చింది. దాంతో కూలీలకూ నవ్వాగలేదు.

బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ తనెవరో చెప్పుకుంది. సొంతూరు నరసరావుపేట. తండ్రి హబీబుల్లా ట్రాక్టర్ల మెకానిక్కు. ఎమ్మెస్సీ చదివి, గుంటూరులో ఓ చిన్న ఆఫీసులో చేరింది. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి ఏ చేలో ఏ పంట ఉందో, ఎక్కడెక్కడ చిత్తడి నేలలున్నాయో మ్యాపు తయారు చేయడం ఆ ఆఫీసు పని.

"హబీబుల్లా కూతురివా? మా ట్రాక్టరు గేరుబాక్సు ఆయన చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ మాట వినదు. అది సరే, మేడమీద కూర్చుని ఫొటోలు చూసే దానివి, మా బాడవలో నీకేం పనే?"

"కంప్యూటరు మీ బాడవని వరి చేను అంటంది పిన్నీ. పచ్చగా ఉంది, కింద నీళ్ళున్నాయి, ఇంకేం, వరే అంటది. నేనేమో, వరి అయితే ఎప్పుడో ఒకప్పుడు కోస్తారు గదా, ఇది ఏడాదంతా పచ్చగానే ఉంది గదా అంటాను. మా ధరణి మేడమేమో, స్క్రీను ముందు కూర్చుని వాదించబాకు, పోయి చూసి రా అంది. వచ్చా. చూశా." తన కాళ్ళ వైపు గర్వంగా చూపించింది. "దిగి మరీ చూశా."

ఇంకో సంగతి జెబా పైకి చెప్పలేదు గానీ, అసలు ఆమె నవ్వుకు కారణం అదే. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఈ ఊరిని గుంటూరులో కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంది. వాగు ఎక్కడ వంకర తిరుగుతుందో తెలుసు. ఏ చేని చెక్కలో పత్తి పీకేశారో, ఏ చెక్క ఎప్పుడు ఎర్రబడిందో తెలుసు. కానీ ఆ వంకర దగ్గర ఇంత కంపు కొడుతుందని తెలియదు. జమ్ములో ఎర్రముక్కు జంబుకోళ్ళు తిరుగుతాయని తెలియదు. పొద్దున స్కూటరు దిగి గట్టు ఎక్కగానే, తను గీసిన మ్యాపులోకి తనే నడిచి వచ్చినట్టు ఒళ్ళు జల్లుమంది. ఆ ఊపులోనే కాలు ఎక్కడ పెడుతోందో చూసుకోలేదు.

పార్వతమ్మ ఆ పిల్లను వదల్లేదు. చెప్పుల్లేని మనిషిని అంత ఎండలో పంపుతానా అని ఇంటికి లాక్కెళ్ళింది. గోంగూర పచ్చడీ ఉల్లిపాయా వేసి అన్నం పెట్టింది. ఆమె భర్త సాంబశివరావు మాజీ ప్రెసిడెంటు. పదవి పోయి రెండేళ్ళయినా మాటలో ఆ గాంభీర్యం పోలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, జెబా చూపించిన ఫోటో వైపు అనుమానంగా చూశాడు.

"ఇదేంది, గళ్ళ లుంగీలాగ ఉంది?"

"మీ ఊరే బాబాయ్. ఇదిగో వాగు. ఇదిగో బాడవ. ఇది మీ ఇంటి కప్పు."

"ఓహో. మరి నేనెక్కడే?"

"మనుషులు కనపడరు బాబాయ్. ఇందులో ఒక్కో గడి పది మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు. అంతకంటే చిన్నది దాని కంటికి ఆనదు."

పార్వతమ్మ పచ్చడి గిన్నె పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఆమె మంచి భారీ మనిషి. ఆమె కూర్చుంటే నవారు మంచం మూలుగుతుంది. "నేను చిన్నదాన్నా? నాకు సరిపడే రవిక శావల్యాపురంలో దొరక్కపోతే పేటకి పోయి కుట్టించుకుంటన్నా, ఆ దిక్కుమాలిన శాటిలైటుకి నేను ఆననా?"

జెబాకు పొలమారింది. నీళ్ళు తాగి తేరుకుని, "మీరే కాదు పిన్నీ, ఏనుగు నిలబడ్డా ఆనదు. పెద్దది, ఒకే రంగులో పరచుకున్నది కావాలి. చెరువు, పత్తి చేను, మిరప కల్లం..." అంటూ ఆగింది.

"కల్లమా? కాయలు ఆరబోసే కల్లం కనపడిద్దా?"

జెబా ఫోనులో నిరుటి మార్చి ఫోటో వెతికి తీసింది. ఊరికి తూర్పున బీడు. ప్రతి ఏడూ ఊరంతా కల్లాలు చేసేది అక్కడే. తెల్లటి నేల మీద అక్కడొకటి, ఇక్కడొకటి ఎర్రటి మచ్చలు. కుంకుమ చేత్తో ముట్టి, ఆ వేళ్ళు కాగితానికి అద్దినట్టున్నాయి.

పార్వతమ్మ గిన్నె కింద పెట్టింది. చెయ్యి తుడుచుకుంది. ఫోను తీసుకుని ఆ మచ్చల్ని చాలాసేపు చూసింది. ఆమె మొహంలో ఏదో వెలగడం మొదలైంది. అది చూసి సాంబశివరావు కుర్చీలో సర్దుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ వెలుగు ఆయనకు బాగా తెలుసు. చివరిసారి అది కనబడ్డప్పుడు ఇంట్లోకి ఆరు బాతులొచ్చాయి.

"అయితే పిల్లా, ఈ కల్లాలన్నీ ఎక్కడివక్కడ కాకుండా, దగ్గరికి చేర్చి ఓ బొమ్మలాగ పోశామనుకో?"

జెబా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "కనపడిద్ది," అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "కనపడిద్ది పిన్నీ! బ్రహ్మాండంగా కనపడిద్ది!"

*

సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. చావిట్లో జనం చేరారు. బొమ్మ వేయాలా వద్దా అన్న ప్రశ్నే రాలేదు. ఏ బొమ్మ అన్న దగ్గర మాత్రం ఊరు నిట్టనిలువునా చీలింది.

"మా పార్టీ గుర్తు వేద్దాం. గీయడం కూడా తేలిక," అన్నాడు సాంబశివరావు.

"ఎట్టా వేస్తావ్? ఇప్పుడు ప్రెసిడెంటుని నేను. వేస్తే మా గుర్తు వెయ్యాలి," అన్నాడు పుల్లారావు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచొక్కాలో ఉండే మనిషి. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీలో చదువుకున్నారు. ఆ బెంచీ మీద మొదలైన తగువు ఇంకా తెగలేదు.

"నీ గుర్తుకి నా కాయ ఒక్కటి కూడా పోయను."

"నీ గుర్తు మీద నా గేదెల్ని తోలుతా."

"తోలు చూద్దాం!"

జెబా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. వచ్చిన పని ఏమిటి, జరుగుతున్నదేమిటి. తన మూలంగా ఈ ఊళ్ళో తలలు పగిలితే ధరణి మేడానికి ఏమని రిపోర్టు రాయాలి? అప్పుడు పార్వతమ్మ లేచి నిలబడింది.

"మీ గుర్తులు గోడల మీద చాల్లేదా? మంచినీళ్ళ ట్యాంకు మీద చాల్లేదా? కాయలు కోసింది మేము. నడుములు విరిగింది మావి. మేం ఏది పోస్తే అదే బొమ్మ." ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఏమంటారే?"

"నువ్వు చెప్పొదినా!" అన్నారు వాళ్ళు.

"మిరపకాయలతో మిరపకాయే వేద్దాం. ఊరంత మిరపకాయ. తొడిమతో సహా."

ఎవరో కిసుక్కుమన్నారు. పుల్లారావు మీసం కింద పెదవి వణికింది. సాంబశివరావు పైకప్పు వంక చూశాడు. ఆ తర్వాత నవ్వు ఎవరి దగ్గర మొదలైందో తెలియదు గానీ చావిడంతా అంటుకుంది.

"తొడిమ పచ్చగా ఉండాలి గదా?" అడిగింది ఒకామె.

"బాడవలో జమ్ము కోసుకొచ్చి పరుద్దాం. ఎంత కోసినా అయిపోయే జమ్మా అది?"

ఇంకో చిక్కు మిగిలింది. ఒకరిది తేజా రకం, ఇంకొకరిది లావు కాయ. అన్నీ ఒకచోట పోస్తే కలిసిపోవా? దానికి పుల్లారావే దారి చెప్పాడు. ఎవరి కుప్ప వారిదే, మధ్యలో మూరెడు సందు వదలాలి. సందులో కాళ్ళు పెట్టి నడవొచ్చు, కాయ తిరగేసుకోవచ్చు.

"సందు పైకి కనపడిద్దా అమ్మాయ్?"

"కనపడదు బాబాయ్. పైనుంచి చూస్తే అంతా ఒకటే కాయ."

జెబా చావిడి బయటికి వచ్చి ధరణి మేడానికి ఫోను చేసింది. వరి సంగతి చెప్పింది, బురద సంగతి చెప్పింది. చివరికి మిరపకాయ సంగతి ఒక్క గుక్కలో చెప్పేసి, కళ్ళు గట్టిగా మూసుకుని తిట్ల కోసం ఎదురు చూసింది. ధరణి మేడం ఆఫీసులో నవ్వగా చూసిన వాళ్ళు లేరు.

"ఎంత పొడవు?" అంది మేడం.

"రెండొందల మీటర్లు, మేడం."

"లావు?"

"నడిమధ్యలో నలభై."

ఫోనులో ఒక వింత శబ్దం. ప్రెషర్ కుక్కరు ఆవిరి వదిలినట్టుంది. మేడం నవ్వుతోంది. "పనికొస్తుంది జెబా. సైజు తెలిసిన ఎర్ర మచ్చ ఉంటే, మన మ్యాపు ఎంత సరిగ్గా చూస్తోందో పరీక్షించుకోవచ్చు. ఆఫీసులో అలా చెప్తాను. నాకు మాత్రం... ఆ మిరపకాయ కావాలి. శనివారం పొద్దున పదకొండు లోపు ఉపగ్రహం మీ మీదుగా వెళ్తుంది. వంకర బాగా రావాలి, సరేనా?"

*

రెండు రోజులు నల్లవాగుపాలెంలో ఎవరికీ వేరే ధ్యాస లేదు. జెబా ఫోనులో కొలతలు చూసుకుంటూ బీడు మీద నడిస్తే, వెనకాలే పార్వతమ్మ సున్నం బకెట్టు పట్టుకుని చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. తర్వాత ఆడవాళ్ళంతా వంగి ఆ చుక్కలు కలిపారు. ముగ్గు వేయడం వచ్చిన చేతులకు అదేం లెక్క? ఒకచోట జెబా వంకర తప్పు చెప్పింది. కాయ కాస్తా వంకాయ అయ్యేట్టుంది. పార్వతమ్మ గట్టెక్కి చూసి, నోటికొచ్చినట్టు తిట్టి, మళ్ళీ చెరిపించింది.

పుల్లారావు తన ట్రాక్టర్లు రెండూ ఇచ్చాడు. ఇది తెలిసి సాంబశివరావు తన ట్రాక్టరే కాక, బావమరిది ట్రాక్టరు కూడా తెప్పించాడు. ఒక ట్రాక్టరు మొరాయిస్తే హబీబుల్లా నరసరావుపేట నుంచి పానాల సంచీతో వచ్చాడు. కూతురు సున్నం కొట్టుకుపోయి, జుట్టులో జమ్ము పూత అంటుకుని, కుక్కపిల్లలా ఆ కొసకీ ఈ కొసకీ పరిగెడుతుంటే పానా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఉద్యోగం అంటే కంప్యూటరు ముందు కూర్చునేదనుకున్నానమ్మా," అన్నాడు.

"నేనూ అట్నే అనుకున్నా నాన్నా!" అంది జెబా రొప్పుతూ, ఇంకో కొసకు పరిగెత్తింది.

శనివారం తెల్లారేసరికి కాయ సిద్ధమైంది. ఎర్రటి కాయ, కొస సన్నగా దక్షిణానికి తిరిగింది. పచ్చటి తొడిమ. దాని పక్కన నిలబడితే ఏమీ తెలియదు, కళ్ళ నిండా ఎరుపు తప్ప. గాలికి ఘాటు లేచి ఊరంతా తుమ్ముతోంది. ఒకరు తుమ్మితే ఇంకొకరు. పలకరింపులన్నీ తుమ్ముల మధ్యనే.

తొమ్మిదింటికి వినుకొండ వైపు ఆకాశం నల్లబడింది.

మొదట ఎవరూ నమ్మలేదు. ఆ రోజుల్లో వాన ఏమిటి? చల్లటి గాలి వీచింది. మిరప రైతుకు ఆ గాలి కంటే భయంకరమైనది ఇంకొకటి లేదు. తడిస్తే కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం బూడిదే. "పట్టలు! పట్టలు తియ్యండి!" అని అరుపులు లేచాయి. క్షణాల్లో నీలం టార్పాలిన్ పట్టలు ఎర్రటి కాయ మీదికి పరుచుకున్నాయి. అంచుల మీద రాళ్ళు పెట్టారు. పది చుక్కలు టపటపమని పడ్డాయి. ఊరంతా బీడులో నిలబడి, ఆకాశం వంకే చూసింది.

జెబా ఫోనులో టైము చూసుకుంది. ఏడుపు వచ్చింది. అయినా ఫోను దించి, పట్ట అంచు మీద ఇంకో రాయి పెట్టింది. వాళ్ళ పంట కంటే తన బొమ్మ ఎక్కువా?

మబ్బు ఎలా వచ్చిందో అలాగే పోయింది. పదిన్నరకు వాగు అవతల ఎండ కనబడింది. ఎండ వాగు దాటింది. జమ్ము మీద మెరిసింది. బీడు మీదికి వచ్చింది. మబ్బు తూర్పుగా ముప్పాళ్ళ వైపు సాగిపోయింది.

"ఎంతసేపుందే?" అరిచింది పార్వతమ్మ.

"అయిపోవచ్చింది పిన్నీ! కష్టం!"

"కష్టమా? ఏమేయ్! లాగండే!"

ఇక చూడాలి. కోకలు బిగించి ఆడవాళ్ళు, పంచెలు ఎగగట్టి మగవాళ్ళు, అందరూ కాయ మీద పడ్డారు. రాళ్ళు పక్కకు దొర్లాయి. పట్టలు తెరచాపల్లా ఉబ్బి మనుషుల్ని ఈడ్చుకుపోయాయి. ఒకాయన పట్టతో సహా దొర్లి జమ్ము తొడిమలో పడ్డాడు. లాగిన ప్రతి పట్ట కిందనుంచీ ఘాటు గుప్పుమని లేచింది. తుమ్ములు, నవ్వులు, కేకలు, ఏది ఏదో తెలియలేదు. కళ్ళలో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు. సాంబశివరావు ట్రాక్టరు ట్రక్కు ఎక్కి, ఎన్నికలప్పటి మైకు పట్టుకుని, "ఎడం పక్క! ఎడం పక్క తియ్యండి! పుల్లారావు, నీ ముందుది తియ్యవయ్యా, శాటిలైటు వచ్చేసింది!" అని గొంతు చించుకుంటున్నాడు. పుల్లారావు తెల్లచొక్కా ఎర్రబడింది. తుమ్ముతూనే లాగాడు, లాగుతూనే తుమ్మాడు.

"ఇప్పుడు!" అరిచింది జెబా. "ఇప్పుడే! ఈ నిమిషంలోనే మన మీద ఉంది!"

అంతా ఉన్నచోట ఆగిపోయి తలలెత్తారు. నీలం ఆకాశం. ఒక్క పక్షి కూడా లేదు. అయినా పార్వతమ్మ చెయ్యి ఎత్తి ఊపింది. ఆమెను చూసి పక్కామె ఊపింది. బీడు బీడంతా చేతులు లేచాయి. హబీబుల్లా పానాతో ఊపాడు. మనుషులు కనపడరని అందరికంటే బాగా తెలిసిన జెబా, గంతులు వేస్తూ, రెండు చేతులతో, కళ్ళు తుడుచుకుంటూ ఊపింది.

*

ఫోటో అదే పొద్దు సాయంత్రం వచ్చింది. పార్వతమ్మ వరండాలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టారు. వెనక ఎంతమంది నిలబడ్డారో లెక్కలేదు. సిగ్నలు రాకపోతే ఫోను పట్టుకుని ఒకాయన కొబ్బరి చెట్టు మొదట్లో డ్రమ్ము మీద నిలబడ్డాడు. ఫోటో పైనుంచి కిందికి, ఒక్కో ముక్కా తెరుచుకుంది. ముందు ముప్పాళ్ళ వైపు తెల్లటి మబ్బు. తర్వాత వాగు. తర్వాత ముదురు పచ్చగా జమ్ము బాడవ. తర్వాత...

మిరపకాయ!

చిన్నదే. జెబా పెద్దది చేస్తే అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. అయినా చిన్నపిల్లాడికి చూపించినా ఠక్కున చెప్పేస్తాడు. ఎర్రటి ఒళ్ళు, వంకర కొస, పచ్చటి తొడిమ. అంత గోలలో జెబాకు తన గొంతు తనకే వినబడలేదు. పార్వతమ్మ ఆమెను ఎత్తి గిరగిరా తిప్పేసింది.

"ఆగండాగండి," అన్నాడు పుల్లారావు, కళ్ళజోడు సర్దుకుని. "కొస దగ్గర ఆ నీలం మచ్చ ఏంది?"

అందరూ వంగి చూశారు. నిజమే. కాయ చివర, పురుగు కొరికినట్టు, రెండు నీలం గళ్ళు. ఒక పట్ట అలాగే ఉండిపోయింది.

"ఎవరి కుప్ప అది?"

కొసన ఎవరి కాయ పోశారో ఊరందరికీ తెలుసు. మెల్లమెల్లగా తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. సాంబశివరావు చేతిలో ఇంకా మైకు ఉంది.

"అందరి పట్టలూ తీయించావ్," అన్నాడు పుల్లారావు ఆనందంగా. "ఊరందరికీ చెప్పావ్. పైనున్న దానికి కూడా చెప్పుంటావ్. నీ పట్ట నువ్వు..." నవ్వు ముంచుకొచ్చింది. అరుగు మీద కూలబడి కడుపు పట్టుకున్నాడు.

సాంబశివరావు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ ఆ నీలం గళ్ళు చూశాడు. "అయితే ఏందిరా? అంత కాయలో పేరుతో సహా గుర్తు పట్టేది నా ఒక్కడిదేగా!" అన్నాడు. అనేసరికి తనకే ఆగలేదు. పుల్లారావు పక్కనే కూలబడి, భుజం మీద చెయ్యి వేసి, ఇద్దరూ ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వారు. అలా వాళ్ళు నవ్వడం చూసిన గుర్తు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

ధరణి మేడం ఫోను చేసింది. మ్యాపులో బాడవను వరి నుంచి తీసేసి చిత్తడి నేలగా మార్చానని, జెబా చెప్పిందే నిజమని, ఆ మాట ఆఫీసులో అందరి ముందూ చెప్పానని అంది. కాయ ఫోటో పెద్దది చేసి గోడకు అంటించిందట. "ఆ నీలం ఏమిటి?" అని అడిగింది. జెబా చెప్పడం మొదలు పెట్టింది గానీ, వెనకున్న నవ్వులకు ఏమీ వినిపించలేదు.

జనం సర్దుకున్నాక, హబీబుల్లా స్కూటరు బయటికి తీస్తుంటే, పార్వతమ్మ లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. చిన్నదీ పెద్దదీ ఎలా చేయాలో జెబా వేలు పట్టుకుని నేర్పించింది. మొదట ఊరు. వేలు కదిపితే వాగు వెంబడి వెళ్ళిపోయింది. ఇదే వాగా పేట రోడ్డు కింద దూరేది? ఇదేనా? అక్కడినుంచి ఇంకా పడమరకి. చెల్లెలి ఊరు దుర్గి ఎక్కడుందో పట్టుకుంది. అక్కడి రాతి కొండలు బూడిద రంగులో నిద్రపోతున్నాయి. ఇంకా చిన్నది చేసింది. మాచర్ల. సాగర్ నీళ్ళు, నల్లటి నీలంగా. కృష్ణ, వంకర్లు తిరుగుతూ. అవతల తెలంగాణ చేలు, ఇవతల తమ చేలు, రెండూ ఒకే రంగు. ఇంకా చిన్నది చేసింది. పల్నాడంతా ఆమె అరచేయంత అయిపోయి, ఎర్రటి కల్లాలతో చిటికెడు కారం చల్లినట్టు కనబడింది. ఇంకొక్కసారి వేలు కదిపింది. అంచున ఒకవైపు సముద్రం వచ్చేసింది.

"అమ్మో!" పార్వతమ్మ రెండు చేతులతో బల్ల పట్టుకుంది. "పిల్లా, పట్టుకోవే, కళ్ళు తిరుగుతున్నాయ్! పడేట్టున్నా!"

"కుర్చీలోనే ఉన్నారు పిన్నీ!"

"తెలుసులేవే," అంది పార్వతమ్మ, బల్ల వదలకుండా, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "ఇంకా పైకి పోవచ్చా?"